లక్ష్యం రాసుకున్నాను, పని మొదలవలేదు: మూడు పద్ధతులు వాడి చూశాక

నమస్కారం. ఈ నోటుపుస్తకం చూడండి. మా తాతగారిది. ఇలాంటివి నాలుగు ఉన్నాయి, మొత్తం 212 పేజీలు, అన్నీ ఆయన చేతిరాతే. సిరా వెలిసిపోతోంది. కొన్ని అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉన్నాను. ఈసారి ఈ ఒక్క పనిని ముందు పెట్టుకుని, లక్ష్యాల విషయంలో తరచుగా వినిపించే మూడు పద్ధతులను ఒకదాని తర్వాత ఒకటి వాడి చూశాను. ఏది ఎంతవరకు పనికొచ్చిందో చెబుతాను.

మొదటిది స్మార్ట్ (SMART). ఐదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపిన పేరు ఇది. లక్ష్యం స్పష్టంగా ఉండాలి, కొలవడానికి వీలుండాలి, సాధించదగినదై ఉండాలి, మనకు అవసరమైనదై ఉండాలి, గడువు ఉండాలి. నేనూ అలాగే రాసుకున్నాను: "డిసెంబరు 31లోగా 212 పేజీలు టైపు చేయాలి." కాగితం గోడకు అంటించాను. మూడు వారాలు గడిచాయి. పుస్తకాలు బీరువా మీద నుంచి దిగలేదు.

ఎందుకిలా అయిందా అని ఆలోచిస్తే, ఈ పద్ధతి పుట్టుకలోనే జవాబు కనిపించింది. 1981లో జార్జ్ డోరన్ దీన్ని సంస్థల నిర్వాహకుల కోసం రాశారు. ఆయన వరుసలో 'ఏ' అక్షరానికి అర్థం, పని ఎవరికి అప్పగించాలి అని. 'సాధించదగినది' అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది. పదిమంది పనిచేసే చోట ఎవరు చేయాలన్నదే పెద్ద ప్రశ్న. సొంత పనిలో చేసేది మనమే కదా! ఏ పూట, ఎక్కడ కూర్చుని అన్నదే తేలదు. ఆ ఐదు అక్షరాల్లో దానికి చోటు లేదు. "తాతగారి రాతలు కాపాడాలి" అన్న గాలిమాట కన్నా 212 అన్న అంకె ఎంతో మేలు, ఒప్పుకుంటాను. కానీ మనిషిని బల్ల దగ్గర కూర్చోబెట్టే శక్తి దానికి లేదు.

రెండోది నాకు బాగా నచ్చింది. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అని ఒకే ఒక్క వాక్యం రాసుకోవాలి. నా వాక్యం ఇది: "రాత్రి వంటింటి దీపం ఆర్పగానే, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఒక పేజీ టైపు చేస్తాను." గంట పెట్టుకోలేదు, గమనించండి. ఎనిమిదిన్నర అనుకుంటే, ఎనిమిదిన్నర దాటిందంటే ఆ రోజు పోయినట్టే. దీపం ఆర్పడం ప్రతి రాత్రీ ఎలాగూ జరుగుతుంది. రాసుకున్న రాత్రే పని మొదలైంది.

ఇందులో కొత్త కూడా ఏమీ లేదు. 1965లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ లెవెన్తాల్ బృందం విద్యార్థులకు ధనుర్వాతం టీకా గురించి చెప్పింది. విషయం మాత్రమే చదివినవారిలో సుమారు 3 శాతం మంది టీకా వేయించుకున్నారు. ఆరోగ్య కేంద్రం గుర్తించిన పటం ఇచ్చి, ఎప్పుడు వెళ్తారో ఆలోచించుకోమన్నవారిలో సుమారు 28 శాతం మంది వేయించుకున్నారు. ఆ కేంద్రం ఎక్కడుందో విద్యార్థులకు ముందే తెలుసు. మారింది ప్రణాళిక ఒక్కటే.

అయితే మొదటి రాత్రే నా లెక్క తప్పింది. పేజీకి పదిహేను నిమిషాలు, మొత్తం 53 గంటలు అనుకున్నాను. నలభై నిమిషాలు పట్టింది. తాతగారు అరసున్నలు పెట్టేవారు, కీబోర్డులో అది ఎక్కడుందో వెతుక్కోవడానికే ఐదు నిమిషాలు. ఆ లెక్కన 141 గంటలు! మనం పనికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేసుకుంటామని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్కీ 1979లోనే రాశారు. రోజుకు అర పేజీకి దిగాను, గడువు వచ్చే ఏడాదికి జరిపాను. మీరు కూడా తేదీ వేసే ముందు ఒక ముక్క చేసి చూడండి. ఆ కొలతతోనే గడువు పెట్టుకోండి.

మూడోది వూప్ (WOOP), మనస్తత్వ శాస్త్రవేత్త గాబ్రియేల్ ఎట్టింగెన్ రూపొందించినది. నాలుగు మెట్లు: కోరిక, ఫలితం, అడ్డంకి, ప్రణాళిక. ఇందులో అడ్డంకి అన్న మెట్టు కోసమైనా దీన్ని వాడండి. బయటి అడ్డంకిని కాదు, మనలో ఉన్నదాన్ని వెతకమంటుంది. నాది అలసట అనుకునేవాణ్ణి. నిజాయితీగా చూసుకుంటే అది భయం. ఒక పదం అర్థం కాకపోతే, తప్పు రాసి ఆయనకు అన్యాయం చేస్తానేమోనని పుస్తకం మూసేస్తున్నాను. అందుకు మరో వాక్యం రాసుకున్నాను: "పదం తెలియకపోతే, నక్షత్రం గుర్తు పెట్టి ముందుకు వెళ్తాను." ఆ తర్వాత పుస్తకం మధ్యలో మూయలేదు.

మధ్యలో జ్వరం వచ్చి కొన్ని రాత్రులు పోయాయి. మీకూ ఇలా అయితే, వరుస తెగిపోయిందని దిగులుపడకండి. అలవాట్లు ఎలా కుదురుతాయో చూడటానికి పరిశోధకురాలు ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించింది. అలవాటు కుదరడానికి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని అంచనా వేసింది. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కనిపించలేదు.

ఏడు నెలలైంది. 101 పేజీలు పూర్తయ్యాయి, 37 నక్షత్రాలు మిగిలాయి. మొన్న ఆదివారం మా మేనత్తగారికి ఆ పేజీలు చూపించాను. నేను 'నమ్మి' అనుకుని, అర్థం కుదరక వదిలేసిన చోట ఆవిడ వేలు పెట్టి చదివారు: 'నెమ్మి'. ప్రేమ అని అర్థమట. "నాన్న ఉత్తరాల్లో కూడా ఈ మాట రాసేవారు" అన్నారు. ఇప్పుడు 36 మిగిలాయి.