వెనక్కి పిలవలేని అస్త్రం

సభకు నమస్కారం.

భారతంలోని సౌప్తికపర్వం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నిద్రపోతున్న శిబిరాన్ని ఊచకోత కోసిన అశ్వత్థామ, పాండవులకు చిక్కబోతున్న క్షణంలో ఒక గడ్డిపోచను మంత్రించి బ్రహ్మశిరోస్త్రం వదులుతాడు. అర్జునుడూ అదే వదులుతాడు. వ్యాసుడు, నారదుడు ఆ రెంటి నడుమ నిలబడి ఉపసంహరించమంటారు. అర్జునుడు వెనక్కి తీసుకుంటాడు. అశ్వత్థామకు వదలడమే వచ్చు, తీసుకోవడం రాదు. ఎక్కడో ఒకచోట పడక తప్పని ఆ అస్త్రాన్ని పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లిస్తాడు. యుద్ధం అప్పటికే అయిపోయింది. దెబ్బ తిన్నది ఇంకా పుట్టని బిడ్డ.

ఆయుధాల నిషేధం గురించి ఎంత చదివినా నా మనసు ఈ ఘట్టం దగ్గరికే వస్తుంది. ఒక ఆయుధం ఎంతమందిని చంపుతుందన్న లెక్కతోనే దాని తప్పొప్పులు తేలవు. వదిలినవాడికి దాని మీద పట్టు మిగిలిందా? యుద్ధం ఆగితే అదీ ఆగుతుందా? నేను అడిగేది ఈ రెండే.

“చావు చావే కదా, తూటాతో చస్తేనేం, విషవాయువుతో చస్తేనేం?” అని నన్ను చాలామంది అడిగారు. నిజాయితీ గల ప్రశ్నే. దీనికి మొదటి జవాబు 1868లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వచ్చింది. ఒంట్లో దిగాక పేలే తూటాను రష్యా సైన్యమే తయారు చేసుకుంది. ఆ రష్యాయే మిగతా దేశాలను పిలిచి, దీన్ని అందరం వదిలేద్దామంది. 400 గ్రాముల లోపు బరువుండే పేలుడు గుళ్లను ఆ ప్రకటన నిషేధించింది. అందులోని తర్కం సూటిగా ఉంటుంది: శత్రు సైనికుడు పోరాడలేని స్థితికి వస్తే చాలు, అంతకు మించి పెట్టే బాధ యుద్ధానికి కూడా పనికిరాదు.

అయితే ఈ నీతి అందరికీ వర్తించలేదు. ఆ సంగతి దాచి ఈ చరిత్ర చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒంట్లోకి వెళ్లాక విచ్చుకుని కండను ఛిద్రం చేసే డమ్‌డమ్ తూటా పేరు ఎక్కడిదో తెలుసా? కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారానిది. 1899లో హేగ్ సమావేశం ఆ తూటాను నిషేధించబోతే బ్రిటిష్ ప్రతినిధి అడ్డుపడ్డాడు. నాగరిక దేశాల సైనికుడు మామూలు తూటా తగిలితే ఆగిపోతాడు, వలస దేశాల్లోని అనాగరికుడు ఆగడు అన్నది అతని వాదం. అంటే నిషేధం ఉండొచ్చు, మన ఒళ్లు మాత్రం ఆ లెక్కలోకి రాకూడదు. బ్రిటన్ ఆ ప్రకటనకు ఒప్పుకునేసరికి 1907 వచ్చింది. ఇప్పుడు కూడా ఏ ఒప్పందం చూసినా నేను ముందు వెతికేది ఇదే: ఇందులో ఎవరి శరీరాలు లెక్కకు వచ్చాయి, ఎవరివి రాలేదు?

అదే 1899లో విషవాయువులు వెదజల్లే గుళ్ల మీద కూడా నిషేధం వచ్చింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం 5,000కు పైగా సిలిండర్ల మూతలు తిప్పి క్లోరిన్‌ను గాలికి వదిలింది. గుళ్లు పేల్చలేదు కాబట్టి ప్రకటనను మీరలేదని సమర్థించుకుంది. అక్షరం నిలిచింది, మనుషులు ఊపిరాడక పోయారు. అయిదు నెలలకు ఫ్రాన్స్‌లోని లూస్ దగ్గర బ్రిటిష్‌వాళ్లు వదిలిన వాయువు, గాలి తిరిగి వాళ్ల సొంత కందకాల్లోకే వచ్చింది. 1925 జెనీవా ప్రోటోకాల్ వాడకాన్ని నిషేధించింది గానీ తయారీని, నిల్వలను ముట్టుకోలేదు. 1988లో ఇరాక్‌లోని హలబ్జాలో వేలమంది కుర్దులు రసాయన దాడిలో చనిపోయాక గానీ, తనిఖీలతో కూడిన 1993 రసాయన ఆయుధాల ఒడంబడిక రాలేదు. ఆ తనిఖీల కిందనే దేశాలు ప్రకటించిన నిల్వలన్నీ 2023 జులై నాటికి ధ్వంసమయ్యాయి. తాళం తీసి గిడ్డంగి చూపించే షరతు ఉన్న నిషేధానికి, మాటమీద వదిలేసిన నిషేధానికి ఇంత తేడా ఉంది.

ఇక మందుపాతర. పాతిపెట్టినవాడు సంతకాలు చేసి ఇంటికి వెళ్లిపోతాడు. అది మాత్రం అక్కడే కాపు కాస్తుంది. దానికి సంధి తెలియదు, సైనికుడి బూటుకూ మేకలు కాసే పిల్లాడి పాదానికీ తేడా తెలియదు. లావోస్ చూడండి. 1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు అక్కడ 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. క్లస్టర్ బాంబుల్లోంచి రాలిన చిన్న బాంబులే సుమారు 27 కోట్లు. వాటిలో దాదాపు మూడో వంతు అప్పుడు పేలలేదు. బంతిలా గుండ్రంగా కనిపిస్తే పిల్లలు చేతిలోకి తీసుకున్నారు. పొలం దున్నుతుంటే కర్రు తగిలింది. వేసినవాళ్లు ముసలివాళ్లయ్యారు, చనిపోయినవాళ్లలో యుద్ధం తర్వాత పుట్టినవాళ్లున్నారు. అశ్వత్థామ అస్త్రం పడిన చోటు ఇదే.

1997లో మందుపాతరల మీద, 2008లో క్లస్టర్ బాంబుల మీద నిషేధ ఒప్పందాలు వచ్చాయి. అమెరికా, రష్యా, చైనా, భారత్ రెంటికీ బయటే ఉన్నాయి. 2025లో ఫిన్లాండ్, పోలండ్, ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా మందుపాతరల ఒప్పందం నుంచి తప్పుకోవాలని నిర్ణయించుకున్నాయి. పక్కన రష్యా ఉంది, దానికి ఏ కట్టుబాటూ లేదు, మేమొక్కళ్లమే చేతులు కట్టుకోవాలా అన్నాయి. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయలేను. కానీ ఆ పాతరలు పాతేది శత్రువు నేలలో కాదు, సొంత నేలలో. రేపు వాటి మీద నడిచేది వాళ్ల మనవలే.

అణుబాంబు మాటేమిటని అడుగుతారు. నా కొలతలో అదే అన్నిటికంటే ముందుంటుంది. 2017 నాటి నిషేధ ఒప్పందం 2021లో అమల్లోకి వచ్చింది. బాంబు ఉన్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ అందులో లేదు.

నన్ను ఇప్పుడు ఎక్కువగా కలవరపెడుతున్నది తనంతట తానే లక్ష్యాన్ని ఎంచుకుని చంపే యంత్రం. మందుపాతర ఒకచోట పడి ఉంటుంది, ఇది ఎగురుతూ వెతుకుతుంది. తుపాకీ దించి లొంగిపోతున్న మనిషిని చూసి ట్రిగ్గర్ మీదే ఆగిన వేలు యుద్ధ చరిత్రలో చాలాసార్లు ఉంది. ఆ వేలునే తీసేస్తున్నాం. తప్పు జరిగితే ఎవరిని నిలదీయాలి? ప్రోగ్రాం రాసినవాణ్ణా, కొన్న అధికారినా, స్విచ్ వేసిన సైనికుణ్ణా?

దెబ్బ పడకముందే మేలుకోవడం అసాధ్యమేమీ కాదు. శాశ్వతంగా చూపు పోగొట్టే లేజర్ ఆయుధాలను యుద్ధరంగంలోకి దిగకముందే, 1995లో వియన్నాలో నిషేధించారు. స్వయంచాలక ఆయుధాల మీద జెనీవాలో 2014 నుంచి చర్చలు నడుస్తున్నాయి. 2026లోగా ఒప్పందం చేయండని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి, రెడ్‌క్రాస్ కమిటీ అధ్యక్షురాలు 2023లో కలిసి కోరారు. జెనీవా చర్చల్లో అందరూ ఒప్పుకుంటేనే ఏదైనా కదులుతుంది, ఒక్క దేశం తల అడ్డంగా ఊపితే చాలు ఆగిపోతుంది. మందుపాతరల మాటా 1996లో ఇలాగే చిక్కుకుంది. అప్పుడు కెనడా విదేశాంగ మంత్రి లాయిడ్ ఆక్స్‌వర్దీ లేచి, ఏడాదిలోగా సంతకాలకు ఒట్టావా రండని బాహాటంగా పిలిచాడు. 1997 డిసెంబరులో నూటికి పైగా దేశాలు వెళ్లి సంతకం చేశాయి. ఈ యంత్రాల విషయంలో అలా పిలిచే దేశం కోసం నేను ఎదురుచూస్తున్నాను.