కాలువ తెచ్చిన ఉప్పు ఎక్కడికి పోతుంది?

అందరికీ నమస్కారం.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. లీటరుకు అర గ్రాము లవణం కరిగిన నది నీటిని నోట్లో పోసుకుంటే ఉప్పదనం తెలియదు. మంచి సాగునీరనే అంటాం. ఆ నీరు ఏడాది మొత్తంలో పొలానికి మీటరు లోతున పారిందనుకోండి. ఎకరానికి సుమారు 4,000 ఘనపు మీటర్లు. అంటే 2 టన్నుల ఉప్పు! మొక్క నీరు తాగుతుంది, ఎండ నీటిని లాగేస్తుంది. ఉప్పు మాత్రం దాదాపు అంతా వేళ్ల దగ్గరే మిగిలిపోతుంది. కడిగి బయటికి పంపే ఏర్పాటు లేకపోతే పదేళ్లకు 20 టన్నులు. ఒక్క బస్తా కూడా ఎవరూ మోసుకొచ్చి చల్లలేదు.

అలాంటప్పుడు ఎక్కువ నీరు పెట్టి ఉప్పును కిందికి దించేస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోతుంది, కిందికి దిగిన నీటికి బయటికి పోయే దారి ఉంటే. దారి లేని నేలలో ఆ నీరే భూగర్భ నీటిమట్టాన్ని పైకి నెడుతుంది. దానికి కాలువ గట్ల ఊట కూడా తోడవుతుంది. మట్టం మీటరున్నర, రెండు మీటర్ల లోతుకు వచ్చేసరికి దీపం వత్తి నూనెను పీల్చినట్టు నేల నీటిని పైకి పీలుస్తుంది. నీరు ఆవిరైపోతుంది, తెల్లని పొర మిగులుతుంది. అందుకే చౌడుకు మందూ నీరే, రోగమూ నీరే. తేడా అంతా పొలంలో మిగిలిన నీటిని బయటికి పంపే మురుగు కాలువలో ఉంది.

సింధు మైదానమే ఇందుకు పెద్ద ఉదాహరణ. 19వ శతాబ్దంలో పంజాబ్ దోఆబ్‌లలో, అంటే రెండేసి నదుల మధ్య నేలల్లో, కాలువలు తవ్వుతున్నప్పుడు చాలాచోట్ల నీరు 20 మీటర్లకు పైగా లోతున ఉండేది. అంత లోతున ఉన్న నీరు పైకి వస్తుందని ఎవరు భయపడతారు? కాలువలు వచ్చాయి, మురుగు కాలువలు రాలేదు. కొన్ని దశాబ్దాల్లోనే లక్షల ఎకరాల్లో నీరు వేళ్ల దాకా ఎక్కింది. 1960 ప్రాంతంలో పాకిస్తాన్ 'స్కార్ప్' అనే చౌడు నివారణ పథకం కింద రావి, చీనాబ్ నదుల మధ్య మొదలుపెట్టి వేల గొట్టపు బావులు తవ్వించింది. మట్టం దిగింది, సాగునీరూ దొరికింది. అయితే తోడిన నీరు ఉప్పుదైన చోట, దాన్ని మళ్లీ అదే పొలానికి పారిస్తే ఉప్పు బయటికి పోయినట్టు కాదు. కింది నుంచి పైకి చేరినట్టు, అంతే.

అంతకన్నా మొండిది సోడియం, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉన్న బోరు నీరు. అది మట్టి కణాలను పట్టి ఉంచే కాల్షియాన్ని తోసేస్తుంది. కణాలు విడిపోయి మట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. తడిస్తే బురద, ఆరితే రాయి. ఇది కారు చౌడు. దీనికి పోయిన కాల్షియాన్ని తిరిగి ఇచ్చే జిప్సం కావాలి, వేశాక కడగాలి కూడా. ముందు చెప్పిన, ఉప్పు పొర పేరుకున్న తెల్ల చౌడుకు జిప్సం అక్కర్లేదు, మంచి నీరూ మురుగు దారీ చాలు. మట్టి పరీక్ష చేయించకుండా జిప్సం బస్తాలు తెచ్చి పోసే రైతును చూస్తే నాకు బాధేస్తుంది. ఆ డబ్బుతో గజాల కొద్దీ మురుగు కాలువ తవ్వించుకోవచ్చు.

మురుగు కాలువ తవ్వాక ఇంకో ప్రశ్న ఉంది. అది ఎక్కడ కలుస్తుంది? 1961లో అమెరికాలోని ఆరిజోనాలో వెల్టన్-మొహాక్ ఆయకట్టు నుంచి తోడిన ఉప్పు నీటిని కొలరాడో నదిలోకి వదిలారు. ఎగువ రైతుల పొలాలు తేరుకున్నాయి. దిగువన మెక్సికోలోని మెహికాలి లోయలో పంటలు దెబ్బతిన్నాయి. అది రెండు దేశాల తగవైంది. మెక్సికోకు వదిలే నీటిలో ఉప్పు ఎంతకు మించకూడదో తేల్చే ఒప్పందం కుదరడానికి 1973 వరకూ పట్టింది. నా దృష్టిలో దిగువ రైతును లెక్కలో వేసుకోని మురుగు పథకం సగం పథకమే.

కొత్త ఆయకట్టు అనగానే ఎన్ని ఎకరాలకు నీరు అని అడుగుతాం. మురుగు ఎటు పోతుందనీ ఆ రోజే, ఆ కాగితంలోనే అడగండి. పాత ఆయకట్టులో ఉన్నవాళ్లు పొలం మూల మూడు మీటర్ల లోతున రంధ్రాల గొట్టం ఒకటి దించి, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి టేపు వేసి మట్టం కొలిచి రాసిపెట్టండి. తెల్ల పొర కంటికి కనపడటానికి చాలా ముందే ఆ టేపు తడి చెబుతుంది.