796 సీసీ బుల్లి ఇంజిన్: నలభై ఏళ్లు ఎలా నడిచింది, ఎక్కడ మొరాయించింది

(తెర మీద: గ్యారేజీ బల్ల. మసిపట్టిన పిస్టన్ ఒకటి, పక్కన ఖాళీ టీ గ్లాసు.)

నమస్తే అండీ. నా చేతిలో ఉన్న ఈ మారుతి 800 పిస్టన్ చూడండి, అరచేతిలో ఇమిడిపోయింది. ఇది ఆడే బోరు, అంటే సిలిండర్ గొట్టం, వెడల్పు 68.5 మిల్లీమీటర్లు. పైకీ కిందకీ తిరిగే దూరం 72 మిల్లీమీటర్లు. చిన్నప్పటి సిలిండర్ ఘనపరిమాణం లెక్క గుర్తుందిగా, వేసి చూడండి, 265 సీసీ పైచిలుకు వస్తుంది. ఇలాంటివి మూడు కలిస్తే 796. మనవాళ్లు ముద్దుగా "ఎనిమిది వందలు" అనేశారు, ఆ నాలుగు సీసీలు ఎవరూ పట్టించుకోలేదు.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. అదే కొలతల ఇంజిన్ ఓమ్నీలో ఆడింది, తర్వాత ఆల్టోలోకి వెళ్లింది. 2023లో ఆల్టో 800 ఆగిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు, మన రోడ్ల మీద 796 సీసీ కొత్త కారు దొరుకుతూనే ఉంది. దేవూ వాళ్ల మాటిజ్ కారు గుర్తుందా? దాని 796 సీసీ ఇంజిన్‌కి మూలం కూడా మారుతికి ఇంజిన్ ఇచ్చిన సుజుకీదే. మేనమామ పోలిక అన్నమాట.

(తెర మీద: బానెట్ తెరిచి, ఇంజిన్ మీద మెల్లగా కెమెరా.)

కింద సిలిండర్లుండే బ్లాకు ఇనుము, దాని మీద మూతలా బిగించే హెడ్ అల్యూమినియం. ఈ రెండు లోహాల సంగతి గుర్తుపెట్టుకోండి, అసలు కథ అక్కడే ఉంది. పాత 800లో సిలిండర్‌కి రెండు వాల్వులు (పెట్రోలు గాలిని లోపలికీ, పొగని బయటికీ వదిలే తలుపులు), మొత్తం ఆరు. వాటిని ఆడించే క్యామ్ షాఫ్టు ఒక్కటే, దాన్ని తిప్పేది రబ్బరు టైమింగ్ బెల్టు. ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు లెక్కకట్టి పెట్రోలు చిమ్మే పద్ధతి) వచ్చాక 37 బీహెచ్‌పీ పవరు, 59 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఇంత తక్కువా అని నవ్వకండి. కారు బరువు సుమారు 650 కిలోలే. పైగా ఆ టార్క్ 2500 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా అందుతుంది. అందుకే ట్రాఫిక్‌లో రెండో గేరులో నిద్రపోతూ కూడా లాక్కుపోయేది.

ఆల్టోకి వచ్చేసరికి వాల్వులు పన్నెండయ్యాయి. పవరు 47కి పెరిగింది, టార్క్ 62 అయింది, కానీ అది 3000 దగ్గర. 2012 ఆల్టో 800లో టార్క్ 69, అది 3500 దగ్గర. గమనించారా? బలం పెరిగిన ప్రతిసారీ అది అందే చోటు పైకి జరిగింది. "కొత్తది పికప్ లేదండీ, మా పాత 800 నయం" అని పెద్దాయనలు అంటే చాదస్తం అనుకుంటాం. ఊళ్లో నడిపే లెక్కన చూస్తే వాళ్ల మాటలో నిజముంది.

ఇక వణుకు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) అర చుట్టు తిరిగేసరికి పెట్రోలు మండి ఒక దెబ్బ పడుతుంది. ఇందులో 240 డిగ్రీలు తిరిగితే గానీ పడదు. పైగా అటు చివర పిస్టన్, ఇటు చివర పిస్టన్ వంతులేసుకుని లాగుతుంటే, పిల్లలు ఎక్కిన ఊగుడుబల్లలా ఇంజిన్ మొత్తం ఊగుతుంది. ఆ ఊగుడుని మింగేవి ఇంజిన్ మౌంటింగులు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగు, అద్దం కలిసి వణుకుతుంటే ముందు ఆ మౌంటింగు రబ్బర్లు చూడండి. అవి బాగుండి కూడా వణుకుతుంటే ఒక సిలిండర్ కొట్టట్లేదేమో. మూడింట్లో ఒకటి పోతే మూడో వంతు బలం పోయినట్టే, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలిసిపోతుంది. ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూడటం పాతకాలం పరీక్ష. తీసినా ఇంజిన్ చప్పుడు మారకపోతే, పనిచేయనిది అదే. కానీ ఎంపీఎఫ్ఐ బండి మీద ఈ ప్రయోగం వద్దు, షాకు మీకూ కొడుతుంది, కంప్యూటరుకీ కొడుతుంది.

(తెర మీద: టెంపరేచర్ మీటరు. ముల్లు మెల్లగా ఎర్ర గీత వైపు.)

ఇప్పుడు అసలు రోగం. ఈ ఇంజిన్‌ని కిలోమీటర్లు చంపవు, వేడి చంపుతుంది.

మా ఇంట్లో 1997 మోడల్ ఉండేది. ఒక మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. సూర్యాపేట దాటాక ముల్లు లేచింది. "నాన్నా, ఆపుదాం" అన్నాను. "నకిరేకల్‌లో ఆపి టీ తాగుదాంలేరా" అన్నారు. ఆ టీ చాలా ఖరీదైంది. హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే రేకు) పోయింది, హెడ్ వంగింది, విప్పి లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించి చదును చేయించాల్సి వచ్చింది. తప్పు బండిది కాదు, మాది. ఏళ్ల తరబడి కూలెంట్ బదులు ఇంటి బోరు నీళ్లే పోశాం. ఆ ఉప్పు మొత్తం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంది. వేణ్ణీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టేది చూశారుగా, అదే.

ఇందాక రెండు లోహాలు అన్నాను. వేడికి అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. మామూలు వేడి వరకు మధ్యలో గ్యాస్కెట్ సర్దుకుంటుంది. హద్దు దాటితే హెడ్ మెలి తిరుగుతుంది, ఇక సందులోంచి నీళ్లు, ఆయిలు, మంట ఒకదాంట్లోకి ఒకటి చొరబడతాయి. ఆయిల్ మూత తిప్పి లోపలి వైపు చూడండి, పాలెక్కువైన టీ రంగులో నురగ దట్టంగా కనిపించిందా, అనుమానించాల్సిందే. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే మంట గాలి అటు వెళ్తోందని అర్థం. వేడి ఇంజిన్ మీద మాత్రం ఆ మూత ముట్టుకోకండి. అది కుక్కర్ లాంటిది, ఒత్తిడిలో ఉంటుంది కాబట్టే నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. మూత రబ్బరు అరిగితే కుక్కర్ గ్యాస్కెట్ వదులైనట్టే, ఆవిరంతా బయటికే. అంత చిన్న మూత మార్చక ఇంజిన్ విప్పించుకున్నవాళ్లున్నారు.

ఫ్యాన్ బెల్టు ఇంకోటి. పాత 800లో ఒకే బెల్టు ఆల్టర్నేటర్‌నీ, వాటర్ పంపునీ తిప్పుతుంది. అంటే నడుస్తుండగా బ్యాటరీ లైటు వెలిగితే అది ఛార్జింగు గొడవే కాకపోవచ్చు. బెల్టు తెగి ఉంటే పంపు కూడా ఆగినట్టే. వెంటనే పక్కకి తీసి బానెట్ ఎత్తండి.

(తెర మీద: చిన్న ఇత్తడి థర్మోస్టాట్, వేణ్ణీళ్ల గిన్నెలో తెరుచుకుంటోంది.)

ఇదీ నా ఫిర్యాదు. హీట్ ఎక్కుతోందని బండి తీసుకెళ్తే చాలా చోట్ల మొదట చేసే పని థర్మోస్టాట్ పీకేయడం. "మన ఎండలకి ఇది అక్కర్లేదు సార్, చలిదేశాలకి" అంటారు. అది 80 డిగ్రీలు దాటాక తెరుచుకుని, ఇంజిన్‌ని తగిన వేడిలో ఉంచే తలుపు. తీసేస్తే కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది. కానీ ఇంజిన్ ఎప్పుడూ చల్లగా ఉందని కంప్యూటరు అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, కాలని పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది. మూసుకుపోయిన రేడియేటర్ మాత్రం అలాగే ఉంటుంది. జ్వరం వస్తోందని థర్మామీటర్ పగలగొట్టడం ఏం వైద్యం?

ఓమ్నీ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఇంజిన్ సీటు కిందే కాబట్టి హీట్ ఎక్కితే మీటరు కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.

(తెర మీద: సైలెన్సర్, నీలం పొగ.)

నీలం పొగ కనబడగానే "బోరుకొచ్చింది", అంటే సిలిండర్లు అరిగిపోయాయి, అనేస్తారు. ఆగండి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పున వచ్చి తగ్గిపోతే చాలావరకు వాల్వుల దగ్గర ఆయిలు ఆపే రబ్బరు సీళ్లే, రాత్రంతా ఆయిలు బొట్టు బొట్టుగా కిందికి దిగి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తూ, ఆయిలు తాగుతుంటే పిస్టన్ రింగుల దాకా వెళ్లిందని లెక్క. మొదటిది చిన్న పని, రెండోది ఇంజిన్ మొత్తం విప్పే ఓవరాలింగ్. ఏదని అడక్కుండా ఇంజిన్ దించనివ్వకండి.

గ్యాస్ కిట్ పెట్టించిన ఆరు వాల్వుల బండి అయితే టాపెట్లు (వాల్వుని నొక్కే చోట వదిలే సన్నటి సందు) తరచూ చూపించండి. వాల్వు సీటు అరిగేకొద్దీ టాపెట్ గ్యాప్ తగ్గుతుంది, టకటక చప్పుడు కూడా తగ్గుతుంది. సౌండ్ తగ్గింది, హమ్మయ్య అనుకుంటాం. లోపల వాల్వు సరిగ్గా మూసుకోక కాలిపోతుంటుంది. కాస్త టకటకమంటేనే ఆ బండి ఆరోగ్యం.

ఎంపీఎఫ్ఐలో ఏసీ వేయగానే ఇంజిన్ ఆగిపోబోతుంటే ముందు గాలి లోపలికి వదిలే త్రాటిల్ బాడీ మసి తుడిపించండి, సెన్సర్ల జోలికి తర్వాత వెళ్లొచ్చు. ఎంపీఎఫ్ఐకి ముందటి కార్బురేటర్ బండి ఇంకా దాచుకున్నవాళ్లు ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు పైపులు ఎలా ఉన్నాయో గిల్లి చూడండి. మెత్తబడినా, పగుళ్లున్నా మార్చేయండి. టైమింగ్ బెల్టు సంగతి ఒక్క ముక్క: ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, మార్చలేదనే లెక్క.

(తెర మీద: తెల్లవారుజాము, ఇంటి ముందు దుమ్ముపట్టిన తెల్ల 800.)

సెకండ్ హ్యాండ్‌లో ఆల్టోనో, 800నో కొనబోతున్నారా? పైన చెప్పిన బుడగలు, నురగ, స్టార్ట్ చేయగానే వచ్చే పొగ, మూడూ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సరిగ్గా చూడగలం. అందుకని వెళ్లగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. మీరు వచ్చేసరికే అది వెచ్చగా ఉంటే, "చూడటానికి రేపు పొద్దున్నే వస్తానండీ, అప్పటిదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పి ఇంటికొచ్చేయండి.