పెద్దావిడ పద్దుల పుస్తకం

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు మీకొక వంటింటి సంగతి చెప్పాలని వచ్చాను. ఆ వంటిల్లు మన ఊళ్లోది కాదు. స్పెయిన్ దేశంలో, మధ్యధరా సముద్రం ఒడ్డున, అలికాంతె జిల్లాలో తొర్రెవియేహా అని ఒక ఊరుంది. ఉప్పు కొఠారులకు, గులాబీ రంగు నీళ్లున్న ఉప్పు చెరువుకు పేరు పడ్డ ఊరు. మా ఆయన ఉద్యోగం అలికాంతెలో. అద్దెలు తక్కువని ఈ ఊళ్లో ఇల్లు తీసుకున్నాం. 2015 నుంచి 2022 దాకా ఉన్నాం. పక్క వాటాలో ఒక ఇంగ్లీషావిడ ఒక్కతే ఉండేవారు. మా ఇంట్లో ఆవిడను పెద్దావిడ అనే చెప్పుకునేవాళ్లం. ఇక్కడా అలాగే చెబుతాను.

స్పెయిన్‌లో స్థిరపడిన బ్రిటిష్ వాళ్లు మూడు లక్షలకు అటూ ఇటూగా ఉంటారు. వాళ్లలో రిటైరైనవాళ్లు చాలామంది. ఎండ కోసం, మోకాళ్ల నొప్పులు తగ్గుతాయని, ఇంగ్లండులో ఒక చిన్న ఇల్లు అమ్మితే స్పెయిన్‌లో సముద్రం దగ్గర ఫ్లాట్ వస్తుందని వచ్చినవాళ్లు. దూరం నుంచి చూస్తే వాళ్లది జల్సా బతుకు అనిపిస్తుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. పెద్దావిడ వంటింట్లోకి వెళ్లాక కాని నాకు అసలు సంగతి తెలియలేదు. పెన్షన్ పడిన రోజు నుంచి మళ్లీ పెన్షన్ పడే రోజు దాకా రూపాయి రూపాయి లెక్క చూసుకుని నడిపే సంసారం అది. ఆవిడ దగ్గర ఒక పద్దుల పుస్తకం ఉండేది. పచ్చ అట్ట. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. జమ దగ్గర మళ్లీ రెండు గళ్లు, పౌండ్లు ఒకటి, యూరోలు ఒకటి.

ఆ రెండు గళ్లు ఎందుకంటే, పెన్షన్ వచ్చేది పౌండ్లలో, ఖర్చయ్యేది యూరోల్లో. 2015 చివర్లో పౌండుకు 1.40 యూరోల దాకా వచ్చేవి. 2016 జూన్ 23న బ్రిటన్‌లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. బయటికే అని తేలింది. కొన్ని నెలల్లోనే పౌండు 1.15 లోపుకు దిగింది. అంటే నెలకు 600 పౌండ్లు వచ్చేవాళ్లకు 840 యూరోలు చేతికందేవి కాస్తా 680, 690 అయ్యాయి. పెన్షన్ తగ్గలేదు, తిండి తగ్గలేదు, కాని నూట యాభై యూరోలు ఎటో పోయాయి. ఆ నెల పెద్దావిడ పుస్తకంలో యూరోల గడి కింద రెండుసార్లు గీత గీసి ఉండటం నేను చూశాను.

ఇంకొకరైతే టెన్షన్ పడి సూట్‌కేసు సర్దేవారు. కొందరు నిజంగానే వెనక్కి వెళ్లిపోయారు కూడా. పెద్దావిడ మాత్రం సంతకు వెళ్లే టైమ్ మార్చారు. తొర్రెవియేహాలో శుక్రవారం పెద్ద సంత. పొద్దున్నే వెళితే సరుకు నవనవలాడుతూ ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే అమ్మేవాళ్లు గుడారాలు విప్పే తొందరలో ఉంటారు. కిలో టమాటాలు ఇచ్చే ధరకు రెండు కిలోలు పోస్తారు. మన రైతుబజారులో సాయంత్రం జరిగేదే. ఆవిడ ఒంటిగంటకు చక్రాల సంచి లాక్కుంటూ బయల్దేరేవారు, నేనూ వెంట వెళ్లేదాన్ని.

ఈ పొదుపు ఆవిడకు స్పెయిన్ నేర్పింది కాదు. ఆవిడ 1944లో పుట్టారు. యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో ప్రతి ఇంటికీ రేషన్ పుస్తకం ఉండేది. 1940 జనవరిలో బేకన్ అనే ఉప్పు పట్టించిన పంది మాంసం, వెన్న, పంచదారతో మొదలైంది, ఆ ఏడాదే టీ పొడి కూడా చేరింది. మనిషికి వారానికి రెండు ఔన్సుల టీ పొడి. మన లెక్కలో 57 గ్రాములు! యుద్ధం 1945లో అయిపోయినా రేషన్ అయిపోలేదు. మాంసం మీద ఆంక్ష ఎత్తేసి రేషన్‌ను పూర్తిగా ముగించింది 1954 జూలై 4న. అంటే పెద్దావిడకు పదేళ్లు వచ్చేదాకా వాళ్లమ్మ కూపన్లు చూసుకునే వండింది. వాడిన టీ ఆకును రెండోసారి మరిగించడం, రొట్టె అంచులు పారేయకుండా ఎండబెట్టి పొడి చేయడం ఆవిడకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా అమ్మమ్మ చద్దన్నాన్ని ఎంత గౌరవంగా చూసేదో, ఈవిడ నిన్నటి రొట్టెను అంత గౌరవంగా చూసేవారు. పాలు, గుడ్డు, గుప్పెడు ఎండుద్రాక్ష వేసి ఆ రొట్టె ముక్కల్ని ఓవెన్‌లో పెడితే, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా పుడ్డింగ్ అయ్యేది.

ఆదివారం కోడి సంగతి కాస్త నింపాదిగా చెబుతాను, ఎందుకంటే ఆవిడ వారమంతా దాని చుట్టూ తిరిగేది. ఆదివారం మధ్యాహ్నం మొత్తం కోడిని ఓవెన్‌లో కాల్చడం, పక్కన బంగాళాదుంపలు, క్యాబేజీ. ఇది వాళ్లకు మన పండగ భోజనం లాంటిది. సోమవారం మిగిలిన మాంసాన్ని చేత్తో విడదీసి, ఉల్లిపాయ, కరీ పొడి వేసి కూర. ఇంగ్లీషు ఇళ్లలో సోమవారం కూర అనేది పాత సంప్రదాయమే, చల్లారిన మాంసానికి మళ్లీ ప్రాణం పోయడానికి మన వైపు నుంచి వెళ్లిన మసాలా వాడుకున్నారు. మిగిలిన దుంపలు, క్యాబేజీ కలిపి మెదిపి, పెనం మీద అట్టులా వేస్తారు. పెనం మీద అది బుడబుడమని, కీచుమని చప్పుడు చేస్తుందని ఆ వంటకానికి ఆ చప్పుళ్ల పేరే పెట్టుకున్నారు, బబుల్ అండ్ స్క్వీక్ అని. మంగళవారం ఎముకలు, క్యారెట్ కాడలు, ఉల్లి తొక్కలు ఒక గిన్నెలో వేసి రెండు గంటలు సన్నసెగ మీద ఉంచితే పులుసు నీళ్లు. బుధవారం ఆ నీళ్లలో స్పెయిన్ వాళ్ల చిన్న గోధుమరంగు పప్పు పడేది. ఒక్క కోడితో నాలుగు రోజులు గడిచేవి, నాలుగు రోజులూ రుచి వేరే.

అయితే ఆ ఓవెన్ విషయంలో మొదటి ఏడాది పెద్ద తిప్పలే వచ్చింది. స్పెయిన్‌లో కరెంటుకు ఇంటింటికీ ఒక పరిమితి ఉంటుంది. మీరు ఎన్ని కిలోవాట్లు రాయించుకుంటే అంతే, దానికి నెలనెలా విడిగా కట్టాలి. పెద్దావిడ ఖర్చు తగ్గుతుందని 3.45 కిలోవాట్లే రాయించుకున్నారు. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న టీ కెటిల్ ఒక్కటే 3 కిలోవాట్లు లాగుతుంది! ఓవెన్‌లో కోడి ఉండగా టీకి నీళ్లు పెడితే ఇల్లంతా చీకటి. ఆవిడ టార్చి లైటు పట్టుకుని మా తలుపు తట్టేవారు. చివరికి కెటిల్ బీరువా ఎక్కింది, గ్యాసు పొయ్యి మీద చిన్న గిన్నె వచ్చింది. పరిమితి పెంచుకోమని మేం చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. 2021 జూన్ నుంచి అక్కడ కరెంటు ధర గంటను బట్టి మారుతోంది. పని రోజుల్లో పొద్దున పది నుంచి రెండు దాకా, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఎక్కువ. అర్ధరాత్రి నుంచి ఎనిమిది దాకా తక్కువ. శని, ఆదివారాలు రోజంతా తక్కువే. ఆదివారం కోడికి ఇక ఢోకా లేదని ఆవిడ ఎంత సంబరపడ్డారో!

అక్కడి బ్రిటిష్ వాళ్లలో రెండు రకాల వంటిళ్లు చూశాను. ఒకటి, ఇంగ్లండులో తిన్నదే ఇక్కడా తినాలని ఇంగ్లీషు సరుకుల దుకాణానికే వెళ్లేది. డబ్బా చిక్కుళ్లు, చెడ్డార్ చీజ్, బేకన్, సాసేజ్, అన్నీ సముద్రం దాటి వచ్చినవే, ధరలూ అలాగే ఉంటాయి. రెండోది, సంతలో దొరికినదాన్ని తనకు తెలిసిన వంటలోకి దింపుకునేది. పెద్దావిడ రెండో రకం. డబ్బా చిక్కుళ్లు కొనేవారు కాదు. తెల్ల చిక్కుడు గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, టమాటా, ఉల్లిపాయ, కాస్త పంచదార, రెండు చుక్కల వెనిగర్ వేసి దగ్గరికి రానిచ్చి, కాల్చిన రొట్టె మీద పోసేవారు. కేకులకు వాళ్లు వాడే పొంగే పిండి స్పెయిన్‌లో తేలిగ్గా దొరకదు. వంద గ్రాముల మైదాకు ఒక చిన్న చెంచా బేకింగ్ పౌడర్ కలిపి జల్లించుకుంటే అదే పిండి. మా ఇంటి పాలకూర పప్పు తిన్నాక, సంతలో దొరికే అసెల్గా అనే ఆకుకూరతో ఆవిడే పప్పు వండటం మొదలుపెట్టారు. పోపు మాత్రం నన్ను పిలిచి వేయించుకునేవారు, ఆవాలు చిటపటలాడితే భయమని.

కొన్నిటిని మాత్రం ఆవిడ వదలలేదు, వదలకూడదనే నేనూ అంటాను. ఇంగ్లీషు టీ పొట్లాలు, ఘాటైన ఆవపొడి, మార్మైట్ అనే నల్లటి ఉప్పటి లేహ్యం. అన్నీ మానేస్తే మనిషి తన ఇంట్లో తానే పరాయి అయిపోతుంది. మా ఇంట్లో కందిపొడి, గోంగూర పచ్చడి సీసాలు ఎందుకు ఉన్నాయో అందుకే ఇవీ. ఇంగ్లండు నుంచి చుట్టాలొస్తే వీటినే తెమ్మనేవారు. యూరోపియన్ యూనియన్‌తో బ్రిటన్ తెగతెంపులు పూర్తయ్యాక, అంటే 2021 జనవరి 1 తర్వాత, మాంసం, పాల సరుకు బ్రిటన్ నుంచి సూట్‌కేసులో కూడా తేకూడదు. ఆ నెలలో హాలండ్ ఓడరేవులో బ్రిటన్ నుంచి వచ్చిన డ్రైవర్ల దగ్గర హ్యామ్ శాండ్‌విచ్‌లు కూడా తీసేసుకున్నారు, టీవీలో చూశాం. పెద్దావిడ జాబితాలో మాంసం, పాలు లేవు కాబట్టి ఆవిడకు ఇబ్బంది రాలేదు.

చలికాలం గురించి ఒక్క మాట. అక్కడ మంచు కురవదు కాని ఇళ్లు ఎండాకాలం కోసం కట్టినవి. నేలంతా టైల్స్, గోడల్లో చెమ్మ. డిసెంబర్ వస్తే బయటకన్నా లోపలే చలి. నారింజ రంగు గ్యాస్ సిలిండర్, పన్నెండున్నర కిలోలది, ఒకటి హీటర్‌కి, ఒకటి పొయ్యికి. ఆవిడ సాయంత్రాలు వంటింట్లోనే కూర్చునేవారు, పులుసు మరిగే పొయ్యి వేడే హీటర్ అని. తలుపు మాత్రం కాస్త తెరిచి ఉంచేవారు. గ్యాసు మండే గదికి గాలి ఆడాలి, అందులో ఆవిడ పొదుపు చూసుకోలేదు. గ్యాస్ గొట్టం మీద అచ్చేసిన సంవత్సరం దాటకముందే మార్పించేవారు కూడా.

ఇంగ్లండులో ఏళ్ల తరబడి పనిచేసి హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చే మనవాళ్లు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. స్పెయిన్‌లో ఉండే బ్రిటిష్ పెన్షనర్లకు ప్రభుత్వ పెన్షన్ ఏటా పెరుగుతుంది. భారతదేశంలో స్థిరపడితే పెరగదు. పెన్షన్ మొదలైనప్పుడో, మొదలయ్యాక తిరిగొస్తే వచ్చేనాటికో ఎంత ఉందో అక్కడే ఆగిపోతుంది. ఆస్ట్రేలియా, కెనడాలోనూ అంతే. జీవితమంతా పెన్షన్ చందా ఒకేలా కట్టినవాళ్లకు ఉండే ఊరిని బట్టి ఈ తేడా చూపడం అన్యాయమని నా అభిప్రాయం. తిరిగొచ్చే ముందే ఈ లెక్క వేసుకోండి.

ఇప్పుడు జనవరి మాట చెబుతాను. మా వీధి చివర ఒక స్పానిష్ రైతు పెరట్లో నారింజ చెట్టుంది. తీపి అంటు ఎప్పుడో ఎండిపోయి, కింది మొదలు చిగిర్చి పెద్దదైన చెట్టు. కాయలు చేదు, పులుపు. ఆ ఇంట్లో ఎవరూ తినరు. ఇంగ్లీషువాళ్లకు అవే బంగారం, మార్మలేడ్ అనే నారింజ తొక్కల జామ్‌కు చేదు నారింజే కావాలి. ఇంగ్లండులో జనవరిలో స్పెయిన్ నుంచి వచ్చినవి డబ్బిచ్చి కొనుక్కునేవే ఇక్కడ నేల మీద రాలి ఉండేవి. స్పానిష్‌లో నారింజను నరాన్హ అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. సంస్కృతంలో నారంగం పర్షియా, అరబ్బు దేశాల మీదుగా నడిచి అక్కడిదాకా వెళ్లింది. పైగా మన పెద్దవాళ్లు పచ్చడి పెట్టే నారింజ కూడా ఈ పుల్లటి కాయే.

కిలో కాయలకు రెండు నిమ్మకాయలు, రెండున్నర లీటర్ల నీళ్లు, రెండు కిలోల పంచదార. రసం పిండి, తొక్కను సన్నగా దారాల్లా తరిగి, గింజల్ని, లోపలి తెల్లటి పొరను పల్చటి గుడ్డలో మూటకట్టి, అన్నీ ఆ నీళ్లలో రాత్రంతా నానబెట్టేవారు. మర్నాడు రెండు గంటలు ఉడికించి, తొక్క ముక్కను వేళ్ల మధ్య నొక్కి చూసేవారు. మెత్తగా చిదిగితేనే పంచదార. ముందే వేస్తే తొక్క మళ్లీ ఎప్పటికీ మెత్తబడదు. మూటను పిండితే చిక్కటి జిగురు కారుతుంది, గట్టిపడేది దానివల్లే, పారేసే గింజల్లోనే ఉంటుంది అదంతా. తర్వాత పెద్ద మంట. ఫ్రీజర్లో పెట్టిన సాసర్ మీద ఒక చుక్క వేసి వేలితో తోస్తే పైన ముడత పడాలి. పడిందంటే దించేయడమే. ఏడాదంతా దాచిన ఆలివ్ సీసాలు, ఆవాల ముద్ద సీసాలు కడిగి, ఓవెన్‌లో వేడిచేసి వరసగా పెట్టుకుని ఉండేవారు.

మేం తిరిగొచ్చే ముందు, 2022 జనవరిలో, ఆఖరిసారి ఇద్దరం కలిసి రెండు కిలోల కాయలు చేశాం. సీసాలు చల్లారుతుంటే ఆవిడ పద్దు రాసుకున్నారు. ఖర్చు పక్క: పంచదార, నాలుగు కిలోలు. గ్యాసు. నిమ్మకాయలు, నాలుగు. జమ పక్క: మార్మలేడ్, 18 సీసాలు. దాని కింద ఏదో రాసి, పుస్తకం నా వైపు తిప్పారు. నారింజలు, రైతు దగ్గర నుంచి, అని ఒక వరస. పప్పు, పక్కింటి నుంచి, ఒక గిన్నె, అని ఇంకొకటి. పుస్తకాన్ని వెనక్కి తిప్పి చూశాను. ప్రతి నెలలోనూ, 2015 నుంచీ, మా ఇంటి గిన్నెలన్నీ జమ పక్కనే ఉన్నాయి.

నమస్కారం.