ఉరుము ఆగి అరగంట

(వానాకాలంలో ఆరుబయట వ్యాయామం గురించిన రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. స్టూడియోలో యాంకర్, ఆటగాళ్ల గాయాలకు వైద్యం చేసే డాక్టరు.)

యాంకర్: మొదటి కాల్ హనుమకొండ నుంచి. చెప్పండి బాబూ.

శ్రోత: నమస్తే మేడమ్, నమస్తే సార్. కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. రోజూ పొద్దున ఐదింటికి గ్రౌండ్‌కి పోతాను. వారం నుంచి ఒకటే ముసురు. తడిస్తే జ్వరమొస్తదని అమ్మ గడప దాటనియ్యడం లేదు.

డాక్టర్: పరుగు ఎంతలో అందుకోవాలి?

శ్రోత: 1600 మీటర్లు సార్. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 7 నిమిషాల 15 సెకన్లు పెట్టారు. నాకు 7:40 వస్తోంది. ఇప్పుడు ఆగితే మళ్లీ మొదటికొస్తుందేమోనని టెన్షన్ సార్.

డాక్టర్: వారానికి మొదటికేం రాదు, ఆ భయం వదిలెయ్యండి. ఇక అమ్మ మాట. జలుబు, జ్వరం తెచ్చేది వైరస్, వాన చుక్క కాదు. పరుగెత్తినంతసేపూ ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. తంటా ఆగాకే. తడి బనియన్‌తో గట్టు మీద కూర్చుని స్నేహితులతో కబుర్లు పెట్టుకుంటారు చూడండి, అప్పుడు ఒళ్లు చల్లబడిపోతుంది. ఒక పొడి టీషర్టు, తువ్వాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పట్టుకెళ్లండి. మీ గ్రౌండ్ ఏ నేల?

శ్రోత: ఒక పక్క ఎర్రమట్టి, ఇంకో పక్క రేగడి సార్. రేగడిలో దిగితే బూటుకు కిలో మట్టి అంటుతుంది.

డాక్టర్: (నవ్వుతూ) ఆ కిలోతో 7:15 కష్టమే. తడి రోజున స్టాప్‌వాచ్ ఇంట్లో పెట్టి వెళ్లండి. వానాకాలంలో మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు చాలామంది మలుపులో వేగం తగ్గించక జారినవాళ్లే. చీలమండ మెలిక పడితే వారం కాదు, నెల పోతుంది. అడుగులు చిన్నవిగా వేస్తూ నిదానంగా పరుగెత్తండి. మరీ బురదైతే ఇంటి మెట్లెక్కండి, స్కిప్పింగ్ చెయ్యండి. తొడలు ఒరుసుకునే చోట కొబ్బరినూనె రాసుకోండి. కాటన్ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, పాలిస్టర్ బట్టలు నయం.

శ్రోత: బూట్లు ఆరడం లేదు సార్, ఉన్నది ఒకటే జత.

డాక్టర్: లోపలి అట్ట బయటికి తీసి, బూటు నిండా పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కండి. గంటకోసారి మార్చి, ఫ్యాన్ కింద పెట్టండి. పొయ్యి దగ్గర పెట్టారంటే సోలు ఊడి చేతికొస్తుంది.

యాంకర్: అమ్మగారికి రేడియో వినిపించండి బాబూ! తర్వాత శ్రీకాకుళం జిల్లా నుంచి... హలో?

శ్రోత: హలో, నమస్కారమండి. నాకు 58 ఏళ్లండి, షుగర్ ఉంది. రోజూ చెరువు గట్టు మీద నడుస్తాను. ఈ వానలకి...

(ఫోన్‌లో ఉరుము వినిపించింది.)

డాక్టర్: అమ్మా, ఒక్క నిమిషం. అది మీ దగ్గర ఉరుమేనా?

శ్రోత: అవునండి, ఇప్పుడే మొదలైంది. మా అత్తగారు అర్జునా ఫల్గుణా అంటూనే ఉన్నారు.

డాక్టర్: ల్యాండ్‌లైన్ నుంచి మాట్లాడుతున్నారా?

శ్రోత: అవునండి, పాతది, తీగ ఫోను.

డాక్టర్: అయితే పెట్టెయ్యండమ్మా. ఆ తీగ వెంట పిడుగు కరెంటు ఇంట్లోకి రావచ్చు. సెల్‌ఫోన్ ఉంటే ఛార్జర్ పీకేసి దాన్నుంచి చెయ్యండి, మేం ఉంటాం.

యాంకర్: (లైన్ తెగాక) డాక్టరుగారూ, సెల్‌ఫోన్ పిడుగుని లాగుతుందంటారు కదా?

డాక్టర్: లాగదండి. ఇంట్లో ఉండి మాట్లాడినా పర్లేదు. కానీ చెరువు గట్టు మీద మాట్లాడితే ప్రమాదమే. అది ఫోను తప్పు కాదు, గట్టు తప్పు. చుట్టుపక్కల ఎత్తుగా కనిపించేది మనమే అవుతాం. మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి. శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. 30 లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. నింపాదిగా నడిచేవాళ్లకంటే వాన తగ్గిందని వెంటనే బయల్దేరేవాళ్ల గురించే నాకు భయం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థవాళ్ల దామిని యాప్ ఉంది, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది.

యాంకర్: హైదరాబాద్ నుంచి మరో కాలర్.

శ్రోత: సార్, ఆఫీసు అయ్యాక సాయంత్రం నడుస్తాను. వానొస్తే చెట్టు కింద ఆగి...

డాక్టర్: ఆగొద్దు. పిడుగు చెట్టు మీద పడితే పక్కనున్నవాళ్ల మీదికీ దూకుతుంది. తలుపులు మూసిన కారు మేలు, బైకు కాదు.

శ్రోత: మరి నీళ్లు నిలిచిన రోడ్డు? షూస్ విప్పి చేత్తో పట్టుకుని దాటేస్తుంటాను.

డాక్టర్: అదే వద్దంటాను. మన ఊళ్లో మోకాలి లోతు నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో చూసినవాడెవడు? పక్కన కరెంటు స్తంభం ఉంటే ఇంకా భయం. పైగా ఆ నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. కాలికి చిన్న గాయం ఉన్నా చాలు, లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. తప్పక దిగినవాళ్లు సబ్బుతో కడుక్కోండి. తర్వాత రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి వస్తే డాక్టరుకి ఆ నీళ్ల సంగతి చెప్పడం మరిచిపోవద్దు. నడకకి అపార్ట్‌మెంట్ పార్కింగ్ లేదా?

శ్రోత: ఉంది సార్. బోరు.

డాక్టర్: బోరే. మా కార్యక్రమం వింటూ నడవండి.

యాంకర్: విశాఖ నుంచి ఒకరు తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు బీచ్‌లో జాగింగ్ చెయ్యొచ్చా అని మెసేజ్ పెట్టారు.

డాక్టర్: వద్దు. దానికి ఇంకో మాట లేదు.

యాంకర్: శ్రీకాకుళం అమ్మగారు మళ్లీ లైన్లోకి వచ్చారు, ఈసారి సెల్ నుంచి.

శ్రోత: మా అబ్బాయి ఫోనండి. ఇందాక అడగబోయింది, తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిస్తే మంచిదని మావారు అంటారు. నిజమేనాండి?

డాక్టర్: షుగర్ ఎన్నేళ్లుగా ఉందమ్మా?

శ్రోత: పన్నెండేళ్లండి. అరికాళ్లు కాస్త మొద్దుబారినట్టుంటాయి.

డాక్టర్: అయితే మీవారిని నడవమనండి, మీరు వద్దు. ముల్లు గుచ్చుకున్నా మీకు తెలియదు. వెనక పట్టీ ఉన్న మూసిన చెప్పులు వేసుకోండి. రాగానే కాళ్లు కడిగి వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడవండి, అక్కడ క్రీము రాయొద్దు. రోజూ రాత్రి అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోండి. తెల్లగా నానినా, పగిలినా, పుండు కనిపించినా ఆగకుండా డాక్టరుకి చూపించండి. ఆ మొద్దుబారడం సంగతీ ఈ వారంలోనే చెప్పండి.

శ్రోత: వానలో నడక మానేస్తే షుగర్ పెరిగిపోతుందేమోనండి.

డాక్టర్: మానొద్దు. వసారా ఉంటే తిన్న తర్వాత పూటకో పది నిమిషాలు అటూ ఇటూ తిరగండి. మాత్రలు వేసుకుని ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. ఉత్త జల్లు అయితే గొడుగేసుకుని బయట నడవొచ్చు.

శ్రోత: ఇప్పుడు జల్లేనండి. గట్టు దాకా వెళ్లిరానా?

డాక్టర్: చివరి ఉరుము ఎప్పుడు వినిపించింది?

శ్రోత: పావుగంట అయ్యుంటుందండి. అత్తగారు కూడా అర్జునుణ్ణి ఆపేశారు.

డాక్టర్: ఇంకో పావుగంట ఉండండమ్మా. ఈలోగా టీ పెట్టుకోండి, చక్కెర లేకుండా.