ఎవరూ చూడని పేజీ

మిత్రులారా,

ఈ సభకు నన్ను పిలిచినవారు రెండు ప్రశ్నలు ముందుగా పంపారు. ఆర్ట్ జర్నల్‌లో మన సొంత గొంతును కాపాడుకోవడం ఎలా అనేది ఒకటి. బొమ్మ వేయడాన్ని రోజువారీ అలవాటుగా చేసుకోవడం ఎలా అనేది రెండవది. మామూలుగా మొదటిదానికి ధైర్యం కావాలనీ, రెండవదానికి క్రమశిక్షణ కావాలనీ చెప్పి ఊరుకుంటారు. పన్నెండేళ్లుగా జర్నల్ పెట్టుకుంటూ, మధ్యలో రెండుసార్లు పూర్తిగా మానేసి మళ్లీ మొదలుపెట్టిన మనిషిని కనుక నాకు అలా తోచదు. ఈ రెండు ప్రశ్నలూ నిజానికి ఒక్కటే. పేజీకీ మనకూ మధ్య మూడో మనిషి లేకుండా చూసుకోగలిగితే గొంతు దానంతటదే బయటపడుతుంది. అలా చూసుకోవడానికి ధైర్యం కన్నా కాగితం, బల్ల, వేళ వంటి చిన్న ఏర్పాట్లే ఎక్కువగా అక్కరకు వస్తాయి.

ఆర్ట్ జర్నల్ అంటే ఏమిటో తెలియనివారు ఇక్కడ ఉండకపోవచ్చు గాని, ఒక్క సంగతి స్పష్టం చేసుకోవడం మంచిది. స్కెచ్‌బుక్‌లో చేయి సాధన చేస్తుంది, డైరీలో రోజు నమోదవుతుంది. ఆర్ట్ జర్నల్ ఈ రెంటికీ మధ్య ఉంటూ, రాతకూ, గీతకూ, రంగుకూ, అతికించిన కాగితపు ముక్కకూ ఒకే పేజీలో చోటిస్తుంది. స్కెచ్‌బుక్‌కు పోలిక కుదిరిందా అన్న కొలమానం ఉంది, డైరీకి జరిగింది జరిగినట్టు రాశామా అన్న కొలమానం ఉంది, జర్నల్‌కు మాత్రం అలాంటిదేదీ లేదు. అది దాని స్వేచ్ఛ, దాని ప్రమాదం కూడా; సొంత కొలమానం లేని చోట ఇతరుల మెప్పు చాలా తొందరగా వచ్చి కూర్చుంటుంది.

కుందేలు బొమ్మల కథలతో పిల్లలందరికీ పరిచయమైన బియాట్రిక్స్ పాటర్ 1881 ప్రాంతంలో, ఇంకా పదిహేనేళ్లు దాటకముందే, ఒక రహస్య లిపి కల్పించుకుని అందులో దినచర్య రాయడం ప్రారంభించింది. 1897 దాకా, అంటే ముప్ఫై ఏళ్ల వయసు వచ్చేవరకూ అలాగే సన్నని అక్షరాలతో రాస్తూ వచ్చింది. ఆమె 1943లో మరణించిన తరువాత కూడా చాలా ఏళ్లు ఆ కాగితాలను చదవగలిగినవారు లేరు. చివరికి 1958లో లెస్లీ లిండర్ అనే సేకర్త, ఒక పేజీలో కనబడిన రోమన్ పదహారు అంకెనూ 1793 అనే సంవత్సరాన్నీ పట్టుకుని, అది ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ మరణశిక్ష ప్రస్తావన అయి ఉంటుందని ఊహించి, అక్కడి నుంచి లిపి మొత్తాన్ని విప్పాడు. ఇంత కష్టపడి విప్పితే బయటపడినది ఏ రహస్య ప్రేమో, ఇంటి గుట్టో కాదు. చాలాచోట్ల ఉన్నది ప్రదర్శనశాలల్లో ఆమె చూసిన చిత్రాల మీద అభిప్రాయాలు, ఇంట్లో విన్న మాటలు, చూసిన జంతువుల వివరాలు. పేరుమోసిన చిత్రకారుల పనిలో లోపాలున్నాయని ఒక చిన్న పిల్ల మొహమాటం లేకుండా రాసుకుంది. ఆ లిపి దాచినది రహస్యాలను కాదనీ, ఇంకా గట్టిపడని ఒక తీర్పును అది పెరిగే దాకా కాపాడిందనీ నా అభిప్రాయం. లేత మొక్కకు కంచె ఎందుకో ఇదీ అందుకే.

మనకు రహస్య లిపి అక్కరలేదు. కాని పేజీ ముగియకముందే ఫోటో తీసి పదిమందికి చూపించే వీలు చేతిలోనే ఉన్న కాలంలో కంచె అవసరం పాటర్ కాలంలో కన్నా పెరిగింది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక ప్రయోగాన్ని ఈ సందర్భంలో నేను తరచూ గుర్తు చేసుకుంటాను. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న చిన్న పిల్లలను వారు మూడు గుంపులుగా విభజించారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం అతికించిన ప్రశంసాపత్రం ఇస్తామని ఒక గుంపుకు ముందే చెప్పారు. రెండవ గుంపుకు ఏమీ చెప్పకుండా, బొమ్మ వేశాక అదే పత్రం ఇచ్చారు. మూడవ గుంపుకు ఏమీ ఇవ్వలేదు. కొద్ది వారాల తరువాత ఆటల వేళలో ఆ పెన్నులను మామూలుగా బల్ల మీద ఉంచి గమనిస్తే, బహుమతి వస్తుందని ముందే తెలిసి గీసిన పిల్లలు వాటితో గడిపిన సమయం మిగతావారితో పోలిస్తే సుమారు సగానికి పడిపోయింది. బహుమతి కోసం గీసిన బొమ్మల నాణ్యత కూడా తక్కువగా ఉందని, ఏ బొమ్మ ఏ గుంపుదో తెలియని న్యాయనిర్ణేతలు తేల్చారు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది రెండవ గుంపు. వాళ్లకూ అదే నక్షత్రం దక్కింది, అయినా వాళ్ల ఇష్టం తరగలేదు. అంటే మెప్పు వల్ల నష్టం లేదు, చేయి కదులుతున్నప్పుడే మెప్పు కోసం ఎదురుచూడటం వల్ల నష్టం ఉంది. ఈ తేడాను నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నాను. జర్నల్ మొదలుపెట్టిన నాలుగో ఏట ముదురు నీలం నేపథ్యం మీద తెల్ల జెల్ పెన్నుతో వలయాలు గీసిన నా పేజీ ఒకటి అపరిచితులకు సైతం బాగా నచ్చింది. ఆ తరువాత కొన్ని నెలల పాటు నా చేయి నీలం సీసా వైపే పోయింది. ఏడాది చివర ఆ పుస్తకం తిరగేస్తే ముప్ఫైకి పైగా నీలి పేజీలు ఉన్నాయి, అన్నీ చక్కగానే ఉన్నాయి. ఆ నెలల్లోనే మా ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేసింది. ఆ సంగతి ఒక్క పేజీలోనూ లేదు.

అందుకని పేజీలు ఎవరికీ చూపించవద్దని నేను చెప్పడం లేదు. చూపించే నిర్ణయాన్ని బొమ్మ వేసే వేళ నుంచి దూరంగా జరపమని మాత్రమే చెబుతున్నాను. నా మట్టుకు నేను పుస్తకం మొత్తం నిండే దాకా అందులోని ఏ పేజీనీ బయట పెట్టను. మూడు నాలుగు నెలల తరువాత వెనక్కి తిరిగి చూసేటప్పుడు ఏది ఇతరులకు ఇవ్వదగినది, ఏది నాకే ఉండాలి అనేది తడబాటు లేకుండా తెలుస్తుంది. నాకే ఉండిపోవలసిన పేజీలను రెండేసి కలిపి క్లిప్పుతో మూసేస్తాను. చూడటానికి ఇది పిల్లచేష్టలాగే ఉంటుంది, అయినా ఆ క్లిప్పు ఉందన్న ధైర్యంతోనే కొన్ని మాటలు కాగితం మీదికి వచ్చాయి.

సొంత గొంతు అనగానే ఎవరినీ అనుకరించకూడదని కొందరు పొరబడతారు. 1889, 1890 సంవత్సరాల్లో ఫ్రాన్సులోని సాన్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఉన్న చిత్రకారుడు వాన్ గో, తాను ఆరాధించిన ఫ్రెంచి చిత్రకారుడు మిలే చిత్రాల నలుపు తెలుపు ముద్రణలను ఎదురుగా పెట్టుకుని ఇరవై దాకా రంగుల చిత్రాలు వేశాడు. ఇది నకలు తీయడం కాదనీ, నలుపు తెలుపులను రంగుల భాషలోకి అనువదించడం వంటిదనీ తమ్ముడు తియోకు రాసిన ఉత్తరంలో వివరించాడు. ఇప్పుడు ఆ చిత్రాలను చూసేవారెవరూ వాటిని మిలేవని పొరబడరు. ఎవరి పేజీ అయినా మీకు నచ్చితే నిస్సంకోచంగా దానిని చూసి వేయండి, పక్కనే అది ఎందుకు నచ్చిందో ఒక వాక్యం రాయండి, రెండు రోజుల తరువాత మూలాన్ని మూసిపెట్టి జ్ఞాపకం నుంచి మరోసారి వేయండి. మొదటిసారికీ రెండోసారికీ మధ్య జారిపోయినవి ఏమిటో, పట్టుబట్టి నిలిచినవి ఏమిటో పోల్చి చూసుకుంటే మీ మనసు దేనికి లోబడుతుందో తెలుస్తుంది. ‘శైలి’ కోసం వెతుక్కునేవారికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు.

ఇక అలవాటు సంగతి. ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందనే మాట మీరంతా వినే ఉంటారు. దాని మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన ఒక పరిశీలన. శస్త్రచికిత్స తరువాత మారిన ముఖానికి రోగులు అలవాటు పడటానికి కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన గమనించాడు. ఆ కనీసం అనే మాట తరువాత ఎక్కడో జారిపోయింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు పరిశీలించి 2010లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఒక పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టవచ్చు. మనిషిని బట్టి, పనిని బట్టి ఈ లెక్క 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని వారు అంచనా కట్టారు. ఒక గ్లాసు నీళ్లు తాగడం వంటి చిన్న పని త్వరగా కుదురుకుంటే, వ్యాయామం వంటి పెద్ద పనికి చాలా ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదన్నది కూడా ఆ పరిశీలనలో తేలిన విషయమే.

దీని నుంచి నేను తీసుకున్నది ఏమిటంటే, రోజువారీ పని నీళ్ల గ్లాసంత చిన్నదిగా ఉండాలి. రోజూ రెండు పేజీలు నింపుతానన్న ప్రతిజ్ఞ వ్యాయామం వంటిది, ఎక్కువ రోజులు నిలవదు. తారీఖు వేసి, ఆ రోజు చూసిన ఒక రంగును అగ్గిపెట్టెంత గడిలో పూసి, కింద నాలుగు మాటలు రాయడం మాత్రం ఎంత అలసిపోయినవారికైనా సాధ్యమే. ఆ పని ఇదివరకే ఉన్న ఏదో అలవాటును అంటిపెట్టుకుని ఉండాలి, రాత్రి భోజనం ముగిసి బల్ల తుడిచిన వెంటనే అన్నట్టుగా. ఇంత చిన్న పేజీకి ఇంకో లాభం ఉంది: దానిని ఎవరికైనా చూపించాలన్న ఆలోచన కూడా రాదు. అలవాటునూ నిజాయితీనీ ఒకే ప్రశ్నగా నేను మొదట చెప్పడానికి కారణం ఇదే. పేజీలు ఎక్కువై, ఒక్కొక్క పేజీ విలువ తగ్గేకొద్దీ ఆ పేజీలో అబద్ధం ఆడవలసిన అవసరం కూడా తగ్గుతుంది.

సామగ్రి కూడా ఈ లెక్కకు లోబడే ఉండాలి. మామూలు 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం బరువును చెప్పే లెక్క) కాగితం నీటిరంగు తగిలితే ముడతలు పడి విసుగు తెప్పిస్తుంది. 300 జీఎస్‌ఎం కాగితం ఎంత నీరైనా తట్టుకుంటుంది గాని, అంత మంచి కాగితం పాడవుతుందేమోనని చేయి వణుకుతుంది. ఈ రెంటి మధ్య బరువులో, పేజీలు పూర్తిగా పరుచుకునే కుట్టు బైండింగు పుస్తకం చాలు. జెస్సో డబ్బా ఒకటి దగ్గర ఉంచుకోండి. సుద్దపొడి వంటి తెల్లని పదార్థాన్ని అక్రిలిక్ జిగురులో కలిపి చేసే ఈ పూత చెడిన పేజీని కప్పివేయడమే కాక, రంగును పట్టుకునే కొత్త తలాన్ని ఇస్తుంది. నా పుస్తకాల్లో మంచి పేజీలనదగ్గవాటిలో చాలావాటి అడుగున ఒక విఫలమైన పేజీ ఉంది. మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో తన జీవితంలోని చివరి పదేళ్లలో పెట్టుకున్న డైరీలో సిరా మరకలే ముఖాలుగా, జంతువులుగా మారిన పేజీలు కనిపిస్తాయి. మరకను తుడిచివేయకుండా దాని వెంట నడిచిన ఆ చేతిని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది.

తెల్ల కాగితం ముందు కూర్చుని భయపడేవారికి ఒక చిట్కా చెబుతాను. ఈ రోజు పని ముగిసేటప్పుడు రంగులు కలిపే పలకలో మిగిలిన రంగును కడిగేయకుండా రేపటి పేజీ మీద పూసి, ఆరడానికి పుస్తకాన్ని తెరిచే ఉంచండి. అక్రిలిక్ పూసిన పేజీలు ఆరాక కూడా ఒకదానికొకటి అంటుకుంటాయి కనుక పుస్తకం మూసేటప్పుడు మధ్యలో మైనపు కాగితం పెట్టడం మరవవద్దు. మరునాడు బల్ల దగ్గరికి వచ్చేసరికి పేజీ తెల్లగా ఉండదు, సగం పని అప్పటికే జరిగి ఉంటుంది, పుస్తకం తెరిచే ఉంటుంది. మూసిన పుస్తకాన్ని అలమారులోంచి తీయడమనే ఆ ఒక్క పనే ఎన్ని జర్నళ్లను మధ్యలో ఆపేసిందో లెక్క లేదు.

మానేసిన రోజుల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడున్నవారిలో చాలామంది ఏదో ఒక సగం నిండిన పుస్తకాన్ని ఇంట్లో దాచుకునే ఉంటారు. చిత్రకారుడు డెలాక్రవా 1822లో తన ప్రసిద్ధమైన జర్నల్ మొదలుపెట్టి 1824లో ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టినది 1847లో. మధ్యలో 1832లో మొరాకో ప్రయాణంలో రంగులతో, రాతలతో స్కెచ్‌బుక్కులు నింపాడు గాని, ఆ జర్నల్‌కు మాత్రం ఇరవై రెండేళ్లకు పైగా తిరిగి రాలేదు. వచ్చాక 1863లో మరణించే దాకా విడవలేదు. ఆగిపోయిన పుస్తకాన్ని తెరిచినప్పుడు జరిగిన కాలానికి సంజాయిషీ రాసుకోకండి. ఖాళీలు నింపే ప్రయత్నం అసలే వద్దు. ఈ రోజు తారీఖు వేసి, కింద రంగు పూయండి.

సభ ముగిశాక నా పుస్తకాలు మూడు ఆ చివరి బల్ల మీద ఉంచుతాను. చేతులు శుభ్రంగా ఉన్నవారు తీరిగ్గా తిరగేయవచ్చు. నీలి పేజీల ఏడాది పుస్తకం కూడా అందులో ఉంది. ఒక పుస్తకంలో కొన్ని పేజీలకు క్లిప్పులు పెట్టి ఉంటాయి. వాటిని మాత్రం తీయకండి.