కోంగాను మించిన పాటలు

సభకు నమస్కారం.

విదేశీ గీతాల వరుసలో ఈ నెల లాటిన్ పాప్, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న జనరంజక సంగీతం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. లాటిన్ పాప్ అనగానే మనలో చాలామందికి కాళ్లు కదిలించే పాటే గుర్తుకొస్తుంది. వేగంగా మోగే డోళ్లు, బాకాలు, రంగురంగుల వేదిక. ఈ సాయంత్రం నేను అటు వెళ్లడం లేదు. అమెరికాలోని మయామీ నగరం నుంచి వచ్చిన క్యూబన్ బృందం, మయామీ సౌండ్ మెషీన్, ఆంగ్లంలో పాడిన రెండు నెమ్మది ప్రేమపాటల గురించి చెబుతాను. ఒకటి 1986లో వినిపించిన 'వర్డ్స్ గెట్ ఇన్ ద వే', రెండోది 1988 నాటి 'ఎనీథింగ్ ఫర్ యూ'. రెండూ రాసిందీ పాడిందీ గ్లోరియా ఎస్తెఫాన్.

వలస వచ్చినవాళ్లు తనను ఆడిస్తానంటే, నవ్విస్తానంటే ఏ పెద్ద సమాజమైనా సంతోషంగా చోటిస్తుంది. పండగ పూట పిలుస్తుంది, చప్పట్లు కొడుతుంది. అదే మనిషి ఆ సమాజపు భాషలోనే తన గుండెకోత చెప్పుకోవడం మొదలుపెడితే కూర్చుని వినడం అంత సులభంగా జరగదు. అందుకే ఈ రెండు పాటలు ఆ బృందం సాధించిన వాటిలో అన్నిటికన్నా పెద్దవని నా నమ్మకం.

మొదట ఆ మనుషుల గురించి తెలుసుకోవాలి.

గ్లోరియా 1957 సెప్టెంబరు 1న హవానాలో పుట్టింది. 1959లో క్యూబాలో విప్లవం గెలిచింది. పాత ప్రభుత్వంలో సైనికుడైన తండ్రి హోసే ఫహార్దో కుటుంబంతో మయామీ చేరాడు. 1961లో క్యూబా కొత్త ప్రభుత్వాన్ని కూల్చడానికి ప్రవాసులు చేసిన బే ఆఫ్ పిగ్స్ దాడికి వెళ్లి, పట్టుబడి, చెరలో ఉండి తిరిగొచ్చాడు. తరువాత అమెరికా సైన్యంలో చేరి వియత్నాం వెళ్లాడు. ఆయన అక్కడ ఉన్నప్పుడు ఇంటి నుంచి ఉత్తరాలకు బదులు టేపులు వెళ్లేవి. వాటిలో చిన్నారి గ్లోరియా పాటలు ఉండేవి. యుద్ధం నుంచి వచ్చాక ఆయనకు నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు ఉందని తేలింది. తల్లి క్యూబాలో ఉపాధ్యాయురాలు. మయామీలో మళ్లీ చదువుకుని, ఉద్యోగం చేసి ఇల్లు నడపాల్సి వచ్చింది. మంచం పట్టిన తండ్రినీ చిన్న చెల్లెలినీ చూసుకునే పని పదకొండు పన్నెండేళ్ల పిల్ల మీద పడింది.

ఆ ఏళ్ల గురించి గ్లోరియా చాలాసార్లు చెప్పింది. ఏడిస్తే ఇంట్లోవాళ్లు కుంగిపోతారని ఏడ్చేది కాదట. గదిలో తలుపు వేసుకుని గిటారు తీసుకుని గంటల తరబడి పాడుకునేదట. తండ్రి 1980లో చనిపోయాడు. ఆమె రాసిన ప్రేమపాటలు వింటున్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. 'ఎనీథింగ్ ఫర్ యూ'లో వదిలేసి వెళ్లిన మనిషితో ఆమె చెప్పే మాటల్లో ఒకటి, నేను ఏడవడం నువ్వెప్పుడూ చూడవు అన్నది. ఎవరైనా రాయగల మాటే. తలుపు వేసుకుని పాడుకున్న పిల్ల రాసిందని తెలిస్తే మాత్రం దాని బరువు వేరు.

ఎమిలియో ఎస్తెఫాన్ క్యూబా తూర్పు కొసన ఉన్న సాంతియాగో నగరంలో పుట్టాడు. పిల్లవాడిగా తండ్రితో స్పెయిన్ వెళ్లి, అక్కడి నుంచి మయామీ చేరాడు. రమ్ము తయారుచేసే బకార్డీ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, అకార్డియన్ వాయిస్తూ, పెళ్లిళ్లకూ విందులకూ వాయించే ఒక చిన్న బృందం పెట్టాడు. దాని పేరు మయామీ లాటిన్ బాయ్స్. 1975లో ఒక పెళ్లిలో గ్లోరియా వాళ్లతో కలిసి పాడింది. ఎమిలియో ఆమెనూ ఆమె బంధువు మెర్సీనీ బృందంలోకి పిలిచాడు. చదువు ఆపనని, వారాంతాల్లోనే పాడతానని గ్లోరియా షరతు పెట్టింది. ఆడవాళ్లు చేరాక 'బాయ్స్' అనే పేరు చెల్లదు కదా, బృందం మయామీ సౌండ్ మెషీన్ అయింది. 1978లో ఎమిలియో, గ్లోరియా పెళ్లి చేసుకున్నారు. ఆమె మయామీ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం చదివింది. మయామీ విమానాశ్రయంలో కస్టమ్స్ విభాగానికి దుబాసీగా పనిచేసింది.

ఇక ఆ ఊరు. 1973లో మయామీ ఉన్న డేడ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) తనను ద్విభాషా కౌంటీగా ప్రకటించుకుంది. 1980 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా క్యూబాలోని మరియెల్ రేవు నుంచి దాదాపు 1,25,000 మంది పడవల మీద ఫ్లోరిడా వచ్చారు. ఆ ఏడు నవంబరులోనే కౌంటీ ఓటర్లు ఒక నిబంధన తెచ్చారు. కౌంటీ డబ్బును ఆంగ్లం తప్ప మరో భాష వాడకానికి ఖర్చు చేయరాదని దాని సారం. స్పానిష్‌లో బతుకుతున్న లక్షల మంది మధ్య వచ్చిన నిబంధన ఇది. ఇంట్లో మాట్లాడే భాషను ఇరుగుపొరుగువారు ఓటు వేసి మరీ వద్దన్నారు.

సరిగ్గా ఆ ఏడే బృందం సీబీఎస్ రికార్డు కంపెనీ స్పానిష్ విభాగంలో చేరింది. లాటిన్ అమెరికా దేశాల్లో వాళ్లకు బాగా పేరొచ్చింది, వేల మంది సభలకు వచ్చేవారు. సొంత ఊరు ఉన్న దేశంలో మాత్రం క్యూబన్ ఇళ్ల బయట వాళ్లెవరో తెలియదు. 1984లో 'ఐస్ ఆఫ్ ఇన్నోసెన్స్' అనే తొలి ఆంగ్ల ఆల్బం చేశారు. అందులోని 'డాక్టర్ బీట్' బ్రిటన్‌లో ఆరో స్థానానికి చేరింది. ఆ తరువాత వచ్చింది అందరికీ తెలిసిన 'కోంగా'. హాలండ్‌లో ఒక సభలో పాత క్యూబన్ కోంగా (ఒకరి వెనుక ఒకరు వరుసగా ఆడే నృత్యం) పాటలు వాయిస్తే జనం ఊగిపోయారట. అది చూసి డ్రమ్స్ వాయించే కికీ గార్సియా ఆ పాట రాశాడు. ఇది అమెరికన్లకు మరీ లాటిన్‌గా ఉంది, లాటిన్ వాళ్లకు మరీ అమెరికన్‌గా ఉంది అని రికార్డు కంపెనీవాళ్లు పెదవి విరిచారని ఎమిలియో ఇప్పటికీ చెబుతుంటాడు. పాట విడుదలై, అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో పదో స్థానం దాకా వెళ్లింది.

అవును, పదో స్థానమే. అదే 'ప్రిమిటివ్ లవ్' ఆల్బం నుంచి వచ్చిన నెమ్మది పాట 'వర్డ్స్ గెట్ ఇన్ ద వే' అయిదో స్థానానికి చేరింది. లోకం గుర్తుపెట్టుకున్నది కోంగాను, ఆ కాలంలో అమెరికా పట్టికలో ఇంకా పైకి చేరింది ఈ పాట. ఇంకో సంగతి చూడండి. గ్లోరియా గొంతుతో అమెరికాలో మొదటి స్థానానికి చేరిన పాటలు మూడు: 1988లో బృందంతో పాడిన 'ఎనీథింగ్ ఫర్ యూ', 1989లో 'డోంట్ వానా లూజ్ యూ', 1991లో 'కమింగ్ అవుట్ ఆఫ్ ద డార్క్'. మూడూ నెమ్మది పాటలే! ఒక్క నాట్యగీతం కూడా లేదు. ఆమెను ఇప్పటికీ కోంగా రాణిగానే పరిచయం చేస్తారు. ఆ పరిచయం ఎందుకు మారలేదో ఆలోచించాల్సిందే.

ఇలాంటిది వాళ్లకు ముందూ జరిగింది. 1958లో రిచీ వాలెన్స్ అనే కుర్రవాడి రికార్డు ఒకటి వచ్చింది. ఒక వైపు 'డోనా' అనే ఆంగ్ల ప్రేమపాట, మరో వైపు స్పానిష్‌లో 'లా బాంబా'. ఎక్కువగా అమ్ముడైంది 'డోనా'. అది రెండో స్థానం దాకా వెళ్లింది. ఆ అబ్బాయి అసలు ఇంటిపేరు వాలెన్సుయేలా. రేడియోవాళ్లు మెక్సికన్ అనుకుని పక్కన పెట్టకూడదని కంపెనీ దాన్ని కత్తిరించింది. ప్రేమపాట పాడాలంటే పేరు దాచుకోవలసి వచ్చిందన్నమాట. 1959 ఫిబ్రవరిలో విమాన ప్రమాదంలో పోయేనాటికి అతనికి పదిహేడేళ్లు. ముప్పై ఏళ్ల తరువాత గ్లోరియా ఎస్తెఫాన్ తన పేరు అలాగే ఉంచుకుని, మయామీ అనే ఊరి పేరు బృందం మీద అలాగే ఉంచుకుని అదే పని చేసింది.

పాటల్లోకి వద్దాం. 'వర్డ్స్ గెట్ ఇన్ ద వే'లో ఒక అమ్మాయి ప్రియుడి ముఖంలో మార్పు గమనిస్తుంది. అతను వెళ్లిపోవాలనుకుంటున్నాడని ఆమెకు తెలుస్తోంది. అడగాలి, ఆపాలి, ప్రేమిస్తున్నానని చెప్పాలి. నోరు పెగలదు. అంతే పాట. కథ లేదు, మలుపు లేదు. ఎదురుగా ఉన్న మనిషితో నేరుగా మాట్లాడటం, అభిమానాన్నీ బేలతనాన్నీ ఒకే ఊపిరిలో చెప్పడం, ఇదంతా ఆంగ్ల పాప్‌లోనూ లేకపోలేదు. నాకు మాత్రం ఇందులో బొలేరో వినిపిస్తుంది.

బొలేరో గురించి రెండు మాటలు చెప్పాలి. స్పెయిన్‌లో ఆ పేరుతో వేరే నృత్యం ఉంది. క్యూబన్ బొలేరో దానికి భిన్నమైన సంప్రదాయం. 19వ శతాబ్దం చివర్లో సాంతియాగోలో పుట్టింది, ఎమిలియో పుట్టిన ఊళ్లోనే. దానికి ఆద్యుడిగా చెప్పే పెపే సాంచెస్ వృత్తిరీత్యా దర్జీ. సంగీతం ఎక్కడా నేర్చుకోలేదు. గిటారుతో, నిదానమైన నడకతో, 'నువ్వు' అని పిలుస్తూ పాడే పాట అది. వెళ్లిపోయిన మనిషిని నిలదీయడం, మరుక్షణమే లొంగిపోవడం దాని స్వభావం. మన క్షేత్రయ్య పదాల్లో నాయిక గోపాలుడిని ముందర పెట్టుకుని ఎత్తిపొడుస్తూనే కరిగిపోతుంది చూడండి, ఆ రుచి ఎరిగిన చెవికి బొలేరో పరాయిగా అనిపించదు. హవానా నుంచి మెక్సికోకూ, అక్కడి నుంచి స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటికీ అది పాకింది. గ్లోరియా ఇంట్లో గిటారు మీద పలికించిన పాత పాటల్లో అవీ ఉన్నాయి.

'ఎనీథింగ్ ఫర్ యూ'లో ఆ స్వభావం ఇంకా స్పష్టం. నువ్వు వెళ్లిపోయావు, అయినా నీకోసం ఏదైనా చేస్తాను, నువ్వు కనిపించినప్పుడల్లా ఏమీ పట్టనట్టు నటిస్తాను, నీకు మంచి తోడు దొరకాలని కోరుకుంటాను. ఇంతటి ఆత్మసమర్పణను ఆంగ్ల రేడియోలో అంత తక్కువ మాటల్లో, అంత నిబ్బరంగా చెప్పడం నాకు ఎప్పుడు విన్నా ఆశ్చర్యమే. ఆమె అరవదు. చివర్లో గొంతు పైకెత్తి చప్పట్లు రాబట్టుకునే పాటలు ఆ దశకంలో ఎన్నో వచ్చాయి. ఈమె గొంతు మాట్లాడుతున్నంత దగ్గరగా ఉంటుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆ కీబోర్డు మోతలో ఆనాటి ఫ్యాషన్ బాగా కనిపిస్తుంది. గిటారూ బోంగోలూ (చిన్న జంట డోళ్లు) ఉండాల్సిన చోట యంత్రం వాయించిన తాళం ఉంది. క్యూబన్ సంగీతాన్ని ప్రాణంగా చూసుకునే విమర్శకులు, మయామీలో ఇంత మంది వాద్యకారులు ఉండగా ఇదేమిటని అన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. తమను తాము అమ్ముకున్నారన్న నింద మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకంటే వీళ్లు స్పానిష్‌ను వదిలి ఆంగ్లానికి రాలేదు. 'ఎనీథింగ్ ఫర్ యూ'కు రెండు భాషలూ కలిపి పాడిన రూపం ఉంది. 'డోంట్ వానా లూజ్ యూ' స్పానిష్ రూపం లాటిన్ పట్టికలోనూ మొదటి స్థానానికి చేరింది. ఒకే మనిషి, ఒకే బాధ, రెండు భాషల ముందూ తలవంచకుండా నిలబడటం అది.

ఇక 1988 సంవత్సరం. మార్చి 13న మయామీలో కాయే ఓచో వీధి పండగలో 1,19,986 మంది ఒకరి వెనుక ఒకరు నిలబడి కోంగా నృత్యం చేశారు. గిన్నిస్ రికార్డు అయింది. మే నెలలో 'ఎనీథింగ్ ఫర్ యూ' రెండు వారాల పాటు దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. నవంబరు 8న ఫ్లోరిడా ఓటర్లు ఆంగ్లాన్ని రాష్ట్ర అధికార భాషగా రాజ్యాంగంలో చేర్చారు. దాదాపు 84 శాతం మంది అవునన్నారు. స్పానిష్ వినబడితే చిరాకుపడిన ఇళ్లలో కూడా ఆ వేసవి అంతా క్యూబా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఆంగ్లంలో ఏడుపు దిగమింగుకుంటూ పాడుతూనే ఉండి ఉంటుంది. పాట ఓటును మార్చలేదు. నేను అలా మారుస్తుందని చెప్పడానికి రాలేదు. ఓటు వేసినవాళ్లలో ఎందరో ఆ పాట విన్నారు, తమ బాధగానే విన్నారు. నాకు ముఖ్యమైనది అదే.

తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. 1990 మార్చిలో పెన్సిల్వేనియాలో మంచు కురుస్తుండగా ట్రక్కు ఢీకొని వాళ్ల బస్సు ప్రమాదానికి గురైంది. గ్లోరియా వెన్నెముక విరిగింది. లోహపు కడ్డీలు అమర్చారు. 1991 జనవరిలో మళ్లీ వేదికెక్కింది. ఆంగ్లంలో తిరుగులేని స్థానం వచ్చాక, 1993లో పూర్తిగా స్పానిష్‌లో 'మి తియెర్రా' చేసింది. పాత హవానా వాద్యాలతో, బాస్ వాయించే వృద్ధ విద్వాంసుడు కచావోతో, తాళవాద్యకారుడు తీతో పుయెంతెతో, బొలేరోలతో. విమర్శకులు అడిగిన గిటారు, బోంగో అన్నీ అందులో ఉన్నాయి. దానికి గ్రామీ వచ్చింది. ఆ నెమ్మది ఆంగ్ల పాటలు గెలవకపోయి ఉంటే ఇంత ఖర్చుతో అలాంటి రికార్డు చేయడానికి ఏ పెద్ద కంపెనీ ఒప్పుకునేది కాదని నా అభిప్రాయం. ఆ ఆల్బం 1993 జూన్‌లో విడుదలైంది. దానికి ముందు నెలలోనే డేడ్ కౌంటీ కమిషన్ 1980 నాటి ఆంగ్ల నిబంధనను రద్దు చేసింది.

ఇప్పుడు పాటలు వేస్తారు. ముందు 'ఎనీథింగ్ ఫర్ యూ' ఆంగ్ల రూపం, వెంటనే రెండు భాషల రూపం, ఆ తరువాత 'మి తియెర్రా' నుంచి ఒక బొలేరో. మధ్యలో నేను మాట్లాడను. మూడూ అయ్యాక మీ ప్రశ్నలు తీసుకుంటాను.